భీమిలి అద్దె ఫ్లాట్లకు చుట్టాల తాకిడి
సముద్రం చూసిపోతున్నారు, గోస్తని గోడు ఎవరికీ పట్టదు

భీమునిపట్నం: శనివారం పొద్దు వాలేసరికి ఈ ఊళ్ళో సముద్రానికి ఎదురుగా ఉన్న ఫ్లాట్లలో దీపాలు వెలుగుతాయి. విశాఖ, విజయనగరం, రాజమండ్రి నుంచే కాక హైదరాబాదు నుంచి కూడా కుటుంబాలు దిగుతాయి. మంచాలు, పరుపులు, గ్యాస్ పొయ్యి, గిన్నెలు అన్నీ అమర్చి, రోజుకింత అని అద్దెకిచ్చే ఇళ్ళివి. బేరం ఫోనులోనే, అడ్వాన్సూ ఫోనులోనే. ఒకప్పుడు భీమిలి వచ్చినవాళ్ళు పొద్దున్నే బస్సు దిగి, సముద్ర స్నానం చేసి, పులిహోర పొట్లం విప్పుకుని, చీకటి పడకముందే తిరుగు బస్సు ఎక్కేవారు. ఇప్పుడు రెండేసి రాత్రులు ఉండిపోతున్నారు. దీనివల్ల ఊరికి ఒరిగేదేమిటన్నది టీ కొట్ల దగ్గర నలుగుతున్న ప్రశ్న.

మే నెలలో ఈ విలేకరి తల్లి, భార్య, ఇద్దరు పిల్లలతో అటువంటి ఫ్లాటులోనే రెండు రోజులు బస చేయడం జరిగింది. హోటలు గది ఉండగా ఫ్లాటు ఎందుకంటే, పెద్దవాళ్ళున్న కుటుంబానికి వంటగది ముఖ్యం. వేళకు చారూ అన్నం దొరికితే ముసలివాళ్ళకు ఏ ఊరైనా బాగానే ఉంటుంది. విశాఖ నుంచి బీచ్ రోడ్డు మీదుగా వచ్చే 900కె బస్సు ఎక్కితే రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు అన్నీ కిటికీలోంచే చూసుకుంటూ రావచ్చు. ఎడమ వైపు సీటు దొరికితే కొండలు, కుడి వైపు దొరికితే సముద్రం.

మూడో అంతస్తు వరండాలో నిలబడితే తెల్లవారుజామున సూర్యుడు నీళ్ళలోంచి లేచి వస్తాడు. అంతవరకు వంక పెట్టడానికేమీ లేదు. అయితే ఉప్పుగాలి ఊరుకోదు. ఇనుప ఊచలు తుప్పు రాలుతున్నాయి, దుప్పట్లు ఎప్పుడూ కాస్త తేమగానే ఉంటాయి, ఆరేసిన బట్టలు సాయంత్రానికి చెమ్మగిల్లుతాయి. ఇటువంటి ఇల్లు తీసుకోదలచినవారు సముద్రం కనిపిస్తుందా అని అడిగే ముందు నీళ్ళు ఎక్కడివని అడగడం మంచిది. మేమున్న చోట తెల్లవారి ఆరింటికి ట్యాంకరు వచ్చింది. తాగడానికి క్యానులు కొనుక్కోవాల్సిందే. కరెంటు పోతే లిఫ్టు పని చేస్తుందా, చెత్త ఎవరు తీసుకుపోతారు, వాడిన నీరు ఎటు పోతుంది అన్నవి కూడా తెలుసుకోదగ్గ సంగతులే. చివరి ప్రశ్న అడిగే అతిథిని తాను ఇంతవరకు చూడలేదని కాపలాదారు నవ్వాడు.

ఫ్లాటుకు నిజమైన యజమాని ఈ కాపలాదారే అనిపిస్తుంది. తాళం తీసేదీ, మోటారు వేసేదీ, అర్ధరాత్రి పాటలు తగ్గించమని బతిమాలేదీ అతనే. అసలు యజమాని నగరంలో ఎక్కడో ఉంటాడు, అద్దె సొమ్మూ అక్కడికే పోతుంది. ఊళ్ళో మిగిలేది కాపలా జీతం, గదులు ఊడ్చే ఆడవాళ్ళ కూలి, ఆటోవాళ్ళకూ కొట్లవాళ్ళకూ ఇంత బేరం.

కోనాం లేదంటే కోపం

సముద్రం ఒడ్డుకు వచ్చినవారు మొదట అడిగేది చేపలే. మే నెలలో ఆ కోరిక తీరడం కష్టం. తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవలన్నిటినీ ఆపుతారు. మోటారు లేని తెప్పలకు మాత్రం మినహాయింపు ఉంది. అందుచేత ఒడ్డున పొద్దున కనిపించేవి తెప్పల మీద వచ్చే కవ్వళ్ళు, నెత్తళ్ళు వంటి చిన్న చేపలే. పెద్ద కోనాం ముక్క దొరికిందంటే అది ఐసు పెట్టెలో ప్రయాణం చేసి వచ్చినదని తెలుసుకోవాలి. ఆ రోజు కారు దిగిన ఒకాయన సముద్రం ఎదురుగా పెట్టుకుని చేపలు లేవంటారేమిటని కసురుకున్నాడు. గంప ముందు కూర్చున్న ముసలమ్మ ‘సంద్రానికి కూడా పురుడుంటాది బాబూ’ అని తన పని తాను చేసుకుపోయింది.

నది వెళ్ళే దారి

అందరి కిటికీలూ సముద్రం వైపే ఉన్నాయి. ఊరు పుట్టింది మాత్రం నది పక్కన. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి దూరి, విజయనగరం జిల్లా పొలాలు తడిపి వచ్చే గోస్తని ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఆ మొగ దగ్గరికి సాయంత్రం నడిచి వెళ్ళాం. బీచిలో నిలబడడానికి చోటు లేదు గానీ ఇక్కడ వలలు బాగుచేసుకునే నలుగురైదుగురు తప్ప మనిషి లేడు. పోటు సమయంలో ఉప్పునీరు లోపలికి ఎదురెక్కడం, పాటు సమయంలో నీరు సన్నని పాయగా బయటికి జారడం పిల్లలు గంటసేపు కదలకుండా చూశారు.

పాయ సన్నబడడమే ఇక్కడివారి బెంగ. నదికి బలం ఉన్నప్పుడు సముద్రం తెచ్చిపోసే ఇసుకను తోసేస్తుంది. బలం తగ్గితే ఇసుక గెలుస్తుంది, మొగ పూడుతుంది. 1960లలో తాటిపూడి దగ్గర గోస్తనికి జలాశయం కట్టారు. ఆ నీరు పొలాలకే కాక విశాఖ నగరం కుళాయిలకూ వెళుతోంది. అంటే భీమిలికి విహారానికి వచ్చే విశాఖ కుటుంబం ఇంట్లో తాగి వస్తున్నది కూడా ఈ నదినే! నగరానికి నీళ్ళు వద్దని ఎవరూ అనరు. చివర ఉన్న ఊరికి ఏం మిగులుతోందన్నది కూడా చూడాలి కదా.

మొగ పూడితే పడవలకే కాదు, చేపలకూ చిక్కే. రొయ్య పిల్లలు, పీత పిల్లలు, బొంత పిల్లలు సముద్రం నుంచి ఈ ఉప్పుతీపి కలిసిన నీటిలోకి వచ్చి పెరిగి, మళ్ళీ సముద్రంలోకి పోతాయి. దారి మూస్తే రాకపోకలు బంద్. దానికి తోడు గట్టు పొడవునా ప్లాస్టిక్ సీసాలు, విస్తరాకులు, తాగి పారేసిన గాజు పెంకులు. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 1991 నుంచీ అమలులో ఉన్నాయి. అవి ఒక్క సముద్రపు ఒడ్డుకే కాక, పోటు నీరు వచ్చినంత మేర నది గట్లకూ వర్తిస్తాయి. ఈ రెండో మాట చాలామందికి తెలియదు.

ఓడలు వచ్చిన ఊరు

రెండో రోజు ఎండ ముదరకముందే పాత భీమిలి చూశాం. 17వ శతాబ్దంలో డచ్చివారు వచ్చి ఇక్కడ వర్తకశాల పెట్టారు. తెలుగు నేత బట్టలు, బియ్యం కొని పంపేవారు. రేవంటే గోడలు కట్టిన రేవు కాదు. ఓడలు దూరాన లంగరు వేస్తే, నారతో కుట్టిన మసూలా పడవల మీద సరకును కెరటాలు దాటించేది ఈ ఊరి పల్లెవారే. 1824 ఒప్పందంతో డచ్చివారు ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్ళిపోయారు. మిగిలినవి వారి సమాధులు. చెక్కిన రాళ్ళ మీద అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. మా అమ్మ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. ఎవరైనా చనిపోయినవారే కదా అంది.

తరువాత గోగునార వ్యాపారం పుంజుకుంది. ఆ నారకు ప్రపంచ విపణిలో ‘బిమ్లీ జనుము’ అన్న పేరే స్థిరపడిపోయింది. 1861లోనే పురపాలక సంఘం వచ్చింది. అయితే మద్రాసు - కలకత్తా రైలు మార్గం ఈ ఊరికి రాకుండా విజయనగరం మీదుగా పోయింది. 1933లో విశాఖ హార్బరు తెరుచుకోగానే ఓడలూ అటే పోయాయి. చిట్టివలస జనుము మిల్లు 2009లో మూతపడింది. 2013లో మహా విశాఖలో విలీనం చేయడంతో సొంత మునిసిపాలిటీ ముచ్చటా తీరింది. రేవూ, మిల్లూ, మునిసిపాలిటీ పోయిన ఊరికి ఇప్పుడు వచ్చిన కొత్త వ్యాపారం ఈ అద్దె ఫ్లాట్లు. అందుకే వాటిని తిట్టడానికి ఇక్కడివారికి మనసొప్పదు. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఇంకా కడతారని ఎదురుచూసేవారూ ఉన్నారు.

వలలు కుట్టుకునే వారిని కదిపితే మాత్రం ఫ్లాట్ల మాటే ఎత్తలేదు. వారు అడిగేది ఒక్కటే. మొగలో ఇసుక తీయించాలి, అదీ వేట మొదలయ్యే లోపు. జూన్ 14తో నిషేధం ముగుస్తుంది. నదిలో కట్టి ఉంచిన పడవలు 15 తెల్లవారుజామున సముద్రంలోకి దిగాలి. మేము చూసిన రోజున పాటు వేళ ఆ పాయలో నీరు మోకాలి లోతు.