సింగపూరులో మా పద్దు పుస్తకం

పొరుగూరి పెళ్ళికి వెళ్ళి వచ్చినా సరే, అయిన ఖర్చు ఆ రాత్రే పద్దు పుస్తకంలో ఎక్కించటం మా ఇంట్లో మామగారి నాటి నుంచీ వస్తున్న అలవాటు. ఆ పుస్తకంలో 2024 ఫిబ్రవరివి సింగపూరు పుటలు నాలుగు ఉన్నాయి. వాటిని ఇప్పుడు తిరగవేస్తే మొదటి పుట చూసి సిగ్గు కలుగుతుంది. చివరి పుట చూసి సంతోషం కలుగుతుంది. ఆ రెంటి నడుమ ఏం జరిగిందో చెబితే, మొదటిసారి ఆ నగరానికి వెళ్ళే మన కుటుంబాలవారికి నాలుగు డబ్బులు మిగులుతాయని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ముందు ఆ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలి. మా అత్తయ్యగారి తండ్రి పడుచుతనంలో సింగపూరు వెళ్ళి, అక్కడి ఏటి ఒడ్డున ఒక గిడ్డంగిలో లెక్కలు రాసే గుమాస్తాగా కొన్నేళ్ళు ఉండి వచ్చారట. పడవల మీద బస్తాలు రావటం, కూలీలు వాటిని వీపుల మీద మోసి దించటం, సాయంకాలం సెరంగూన్ రోడ్డులోని పెరుమాళ్ కోవెలకు నడిచి వెళ్ళటం - ఈ కథలు వింటూ అత్తయ్య పెరిగింది. "ఆ ఏరు ఒక్కసారి చూడాలమ్మాయ్" అని నేను కాపురానికి వచ్చిన కొత్తలో అన్నది. డెబ్బై రెండో ఏట, తాను కట్టిన చిట్టీ డబ్బు చేతికి రాగానే మా వారి చేతిలో పెట్టి మళ్ళీ అదే మాట అన్నది. ముగ్గురమూ వేలూరు నుంచి చెన్నై వెళ్ళి విమానం ఎక్కాము.

ఇక మొదటి పుట.

మొదటి తప్పు ఇల్లు కదలక ముందే చేశాము. భారతదేశపు పాస్‌పోర్టు ఉన్నవారికి సింగపూరుకు వీసా కావాలి. అది గుర్తింపు ఉన్న ఏజెంటు ద్వారా తెచ్చుకున్నాము. అది కాక, దిగే రోజుకు మూడు రోజుల లోపల "ఎస్.జి. అరైవల్ కార్డు" అనే పత్రం కంప్యూటరులో నింపి పంపాలి. మా వారు ఆ పేరు వెతికితే ముందుగా కనబడిన ఏదో ఒక సైటులో నింపి, ముగ్గురికీ కలిపి నాలుగు వేల రూపాయల పైచిలుకు కట్టేశారు. తీరా తెలిసిందేమంటే, ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ శాఖవారి సొంత సైటులో ఆ పత్రానికి ఒక్క పైసా కూడా అక్కరలేదు! దానికి డబ్బు అడిగేవాడు ఎవడైనా సర్కారువాడు కాడని గుర్తుంచుకోండి.

రెండో తప్పు విమానం దిగగానే. మేము బయటికి వచ్చేసరికి తెల్లవారుజాము అయిదుంబావు. కళ్ళు మండుతున్నాయి, ఎదురుగా టాక్సీ ఉంది, ఎక్కాము. అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా మీటరు మీద సగానికి సగం అదనంగా పడుతుందని, విమానాశ్రయం నుంచి ఎక్కినందుకు మరికొంత పడుతుందని మాకేం తెలుసు? దిగేసరికి 38 డాలర్లు. అప్పుడు ఒక సింగపూరు డాలరు మన 62 రూపాయలు. ఒక్క పావుగంట కూర్చుని ఉంటే, అయిదున్నర ప్రాంతంలో రైలు మొదలయ్యేది. ముగ్గురికీ కలిపి ఏడు డాలర్ల లోపుతో మా బస ముంగిట దిగేవాళ్ళం.

మూడో తప్పు మధ్యాహ్నం. చల్లని గది, మెత్తని కుర్చీలు ఉన్న భోజనశాలకు వెళ్ళాము. పట్టీ చూసి లెక్క కట్టుకుని, 60 డాలర్లకు సరిపడా తెప్పించుకున్నాము. బిల్లు 71 డాలర్ల 94 సెంట్లు వచ్చింది. ధర పక్కన రెండు కూడిక గుర్తులు ఉంటే, వడ్డన రుసుము నూటికి పది, ఆ మొత్తం మీద సర్కారు పన్ను నూటికి తొమ్మిది వేరే పడతాయన్నమాట. పన్ను తొమ్మిది అయినది ఆ ఏడు జనవరి 1 నుంచే. ఆ కూడిక గుర్తులను నేను అచ్చు తప్పులనుకున్నాను సుమండీ!

దీనికి తోడు, ఎండకు తాళలేక నాలుగు సీసాల మంచినీళ్ళు కొన్నాము, ఎనిమిది డాలర్లు. ఆ ఊళ్ళో కుళాయి నీళ్ళు నేరుగా తాగవచ్చు. మా గదిలో కుళాయి ఉండనే ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నీళ్ళ కోసం దుకాణాలు తిరిగాము.

ఆ రాత్రి పద్దు రాస్తూ నేను పైకి చదివాను. ఒక్క పూటకే దాదాపు 118 డాలర్లు, అంటే మన డబ్బులో ఏడు వేల మూడు వందలు. ఇంటి దగ్గర పోగొట్టుకున్న నాలుగు వేలు వేరే. అత్తయ్య మంచం మీద కూర్చుని వింటున్నది. ఏమీ అనలేదు. భోజనానికి లేవమంటే, "నాకు ఆకలి లేదమ్మాయ్, మీరు తినిరండి" అన్నది. ఏకాదశి కూడా కాదు. పొద్దున్న విమానంలో తిన్నది కొంచెమే, మధ్యాహ్నం బిల్లు చూశాక చేయి సాగలేదు. నాకు గుండెలో కలుక్కుమన్నది. తన చిట్టీ డబ్బుతో వచ్చిన మనిషి, మా తెలివితక్కువతనానికి తాను పస్తుండి పొదుపు చేస్తున్నది!

అప్పుడు మాకు జ్ఞానోదయమైంది. పొదుపంటే పెద్దవాళ్ళు కడుపు మాడ్చుకోవటం కాదు. తెలియకపోవటం వల్ల కారిపోయే డబ్బును ఆపటం. కొత్త ఊళ్ళో డబ్బు పోయేది కోరిన వస్తువు మీద కాదు. తొందరలోను, మొహమాటంలోను, అడగకపోవటంలోను పోతుంది. అడగందే అమ్మైనా పెట్టదు గదా!

రెండో పుట మర్నాటి ఉదయంతో మొదలవుతుంది. మా బస లిటిల్ ఇండియాలో. రైలు స్టేషను పక్కనే టెక్కా సెంటర్ అనే పెద్ద కట్టడం ఉన్నది. కూరగాయలు, చేపలు అమ్మే సంత ఒక వైపు, వండిన తిండి అమ్మే చిన్న చిన్న అంగళ్ళు మరో వైపు. ఇటువంటివాటిని అక్కడ హాకర్ సెంటర్లంటారు. ఒకప్పుడు వీధుల్లో తిరిగి అమ్మేవాళ్ళను ప్రభుత్వం నీళ్ళు, కాలవలు ఉన్న ఒక కప్పు కిందికి చేర్చి వీటిని ఏర్పాటు చేసింది. ఆ ఊరి హాకర్ సంస్కృతిని 2020లో యునెస్కోవారు మానవజాతి వారసత్వపు జాబితాలోకి ఎక్కించారు కూడా. బడి పిల్లవాడూ, ఆఫీసరూ పక్కపక్కన కూర్చుని తినటం చూశాము.

శాకాహారపు అంగడి దగ్గర నేను ఇంగ్లీషులో తడబడుతుంటే, లోపలి ఆవిడ నవ్వి, "తమిళం తెలుసా?" అని తమిళంలోనే అడిగింది. వేలూరు వాళ్ళను అడగవలసిన మాటా అది! ఆ దేశంలో మలయ్, చీనా, ఇంగ్లీషు భాషలతోపాటు తమిళం కూడా అధికార భాష. తమిళనాట స్థిరపడిన మన తెలుగువాళ్ళకు ఇది పెద్ద పెట్టుబడి అనుకోండి. తెలుగు మాట వినాలనుకునేవారికి 1975లో ఏర్పడిన సింగపూరు తెలుగు సమాజం కూడా ఉంది. ఇడ్లీలు, దోసెలు, ముగ్గురికీ టీ - పద్నాలుగు డాలర్లయింది. "ఇక్కడైతే నేను తింటానమ్మాయ్" అని అత్తయ్య రెండో దోసె తెప్పించుకున్నది. తిన్న పళ్ళేలు మాత్రం మనమే తీసి, వాటికని ఉంచిన చోట పెట్టాలి. 2021 నుంచి అది నియమం, మానితే జరిమానా.

జరిమానాల మాట వచ్చింది గనుక మరి రెండు. రైల్లో తినటం, తాగటం కూడదు. 500 డాలర్ల దాకా వేయవచ్చు. నమిలే పొగాకు, జర్దా, చూయింగ్ గమ్ సంచిలో పెట్టుకుని పోకండి, అవి నిషేధం. సిగరెట్లకు ఒక్కదానికైనా సుంకం మినహాయింపు లేదు.

ఇక రైలు సంగతి. ఎం.ఆర్.టి. అంటారు. మనిషికొక కార్డు ఉండాలి. ఒకే కార్డుతో ముగ్గురు దాటటానికి వీల్లేదు. మన బ్యాంకు కార్డు తాకించినా ద్వారం తెరుచుకుంటుంది గాని, విదేశీ కార్డులకు రోజుకింత అని అదనపు రుసుము పడుతుంది. రెండు మూడు రోజులుండేవారికి అక్కడి కార్డు కొని డబ్బు వేసుకోవటమే మేలు. మాకు ఉపయోగపడిన రహస్యం ఒకటి చెబుతాను. డౌన్‌టౌన్ లైను అనే నీలం గీత ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. విమానాశ్రయం నుంచి ఒక్క స్టేషను వెళ్ళి ఎక్స్‌పో దగ్గర ఈ లైనులోకి మారితే, మళ్ళీ మారకుండా లిటిల్ ఇండియాలో దిగవచ్చు. అదే లైను ఒక వైపు బొటానిక్ గార్డెన్సుకు, మరో వైపు సముద్రపు ఒడ్డున ఉన్న బేఫ్రంటుకు తీసుకుపోతుంది.

ఆ రెండు చోట్లా చూడటానికి డబ్బు పెట్టనక్కరలేదు. 1859లో పెట్టిన ఆ బొటానిక్ తోటకు 2015లో ప్రపంచ వారసత్వపు గుర్తింపు వచ్చింది. ఉదయం అయిదు నుంచి అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది. లోపల ఆర్కిడ్ పూల తోటకు మాత్రమే టిక్కెట్టు. బేఫ్రంటు దగ్గర గార్డెన్స్ బై ది బే అనే తోటలో, ఇనుముతో కట్టి తీగలు పాకించిన మహావృక్షాలున్నాయి. సాయంత్రం 7.45కు, 8.45కు సంగీతంతో వాటిలో దీపాలు వెలిగిస్తారు. కింద నిలబడి చూసేవారికి ఖర్చు లేదు. టిక్కెట్లు అద్దాల మండపాలకూ, పై వంతెనకూ. అత్తయ్య గట్టు మీద కూర్చుని, "దీపావళికి ఇంత ఖర్చు ఎవరు పెడతారమ్మా, ఉచితంగా!" అన్నది.

ఆ రోజు పద్దు మొత్తం 57 డాలర్లు. మొదటి రోజులో సగానికి లోపు. మూడు పూటలా ముగ్గురమూ కడుపునిండా తిన్నాము. మూడో రోజూ అంతే.

డబ్బు మార్చుకోవటం గురించి ఒక మాట. దిగగానే కావలసినంత కొద్దిగా దగ్గర ఉంచుకుని, మిగతాది ఊళ్ళో రెండు మూడు దుకాణాల బోర్డులు చూసి మార్చుకోండి. సెరంగూన్ రోడ్డు సందుల్లో అటువంటివి చాలా ఉన్నాయి. పెద్ద సామాను కొనేవారు, యాత్రికులకు పన్ను తిరిగి ఇచ్చే పద్ధతి ఆ దుకాణంలో ఉన్నదా అని ముందే అడగాలి. వంద డాలర్లకు తక్కువ కాకుండా కొంటే, వెళ్ళేటప్పుడు విమానాశ్రయంలో అడిగి పుచ్చుకోవచ్చు. పాస్‌పోర్టు దుకాణంలో చూపాలి.

ఇక చివరి పుట. నాలుగో రోజు ఉదయం పెరుమాళ్ కోవెలకు వెళ్ళాము. 1855 నాటి ఆ కోవెల మా బసకు నడిచిపోయే దూరంలోనే ఉంది. అత్తయ్య చెప్పులు విడిచి, గడపకు చేయి ఆనించి చాలాసేపు నిలబడ్డది. తరువాత ఊదా రంగు గీత రైల్లో రెండు స్టేషన్లు వెళ్ళి క్లార్క్ కీ దగ్గర దిగితే ఏరు కనబడింది. సరుకు పడవలు ఇప్పుడు లేవు. ఏటిని శుభ్రం చేసే పనిలో భాగంగా 1983లో వాటిని అక్కడి నుంచి తరలించారు. ఒడ్డున పాత గిడ్డంగులన్నీ భోజనశాలలయ్యాయి. ఆ నాటి పడవల తీరులోనే ఉన్నవాటి మీద యాత్రికులను తిప్పుతున్నారు. టిక్కెట్టు మనిషికి పాతిక డాలర్ల పైమాటే.

అత్తయ్య ధర చూసి వెనక్కు తగ్గింది. "ఒడ్డు నుంచి చూశాను గదా, చాలులే." మా వారు పద్దు పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టారు. "అమ్మా, రెండు రోజుల్లో మిగిలినది చూడు. ఇది నువ్వు తినకుండా మిగిల్చినది కాదు, తిని మిగిల్చినది" అన్నారు.

ముగ్గురమూ ఎక్కాము. పడవ వంతెన కింద నుంచి పోతూ ఉంటే ఆ పాత గిడ్డంగుల వరస కనబడింది. ఏది తన తండ్రి కూర్చున్న చోటో ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. ఆమె మాత్రం ఒక్కొక్క తలుపునూ లెక్కపెడుతున్నట్టు చూసింది. దిగాక, "ఆకలి వేస్తున్నదమ్మాయ్" అన్నది.

ఆ పూట ఖర్చు పుటలో నేను గీత కింద పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. ఎక్కడ తగ్గించాలో తెలిస్తే, ఎక్కడ పెట్టాలో చేయి వెనుకాడదు.