తరగతి గదిలో చేపల తొట్టి

ప్రాథమిక పాఠశాలలో పిల్లల చేత ఏదైనా ప్రాణిని పెంచాలనుకున్నప్పుడు చాలామందికి ముందుగా చిలుక, తాబేలు గుర్తుకు వస్తాయి. ఆ రెండింటినీ పక్కన పెట్టండి. మన రామచిలుకను, నక్షత్ర తాబేలును పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బడికి వీలైనది చేపల తొట్టి.

అయితే, తొట్టి పెట్టిన రెండో వారంలోనే చేపలు ఒకటొకటిగా చనిపోవడం మీలో కొందరైనా చూసే ఉంటారు. దుకాణదారుడు మంచి చేపలు ఇవ్వలేదని అనుకుంటాం. నిజానికి చాలాసార్లు వాటిని చంపేది పిల్లల ప్రేమే. తరగతిలో ముప్ఫైమంది ఉంటే ముప్ఫైమందీ తలా ఒక చిటికెడు మేత వేస్తారు!

అప్పుడు ఏం జరుగుతుందో గమనించండి. తినకుండా మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా విడుదలవుతుంది. చేపలు కూడా మొప్పల ద్వారా అమ్మోనియానే విసర్జిస్తాయి. ఇది వాటికి విషం. చెరువులోనైతే కొన్ని రకాల బాక్టీరియాలు దీని సంగతి చూసుకుంటాయి. నైట్రోసోమోనాస్ వంటివి అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రోస్పైరా వంటివి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా ప్రమాదకరమే. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని స్థితికి తెస్తుంది. నైట్రేట్ వల్ల హాని చాలా తక్కువ. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియాలు తగినంతగా పెరగడానికి సుమారు నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. నీరు అద్దంలా తేటగా కనిపిస్తున్నా అందులో విషం ఉండవచ్చు. అంటే పిల్లలు పెంచవలసింది చేపలను మాత్రమే కాదు, కంటికి కనిపించని ఈ జీవులను కూడా.

కాబట్టి 40 లీటర్ల తొట్టిలో మొదట మూడు నాలుగు గప్పీ చేపలు చాలు. గుండ్రటి గాజు పాత్రలో గోల్డ్‌ఫిష్‌ను ఉంచడం చూడటానికి బాగుంటుంది గాని, చేపకు అది శిక్షే. మేత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాలలో తినగలిగినంతే. ఆ రోజు మేత ఎవరు వేశారో గోడమీది పట్టికలో పేరు రాయించండి; పేరు పడితే రెండోవారు వేయరు. వారానికోసారి పావు వంతు నీరు మార్చాలి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక ముందురోజే వెడల్పాటి బకెట్‌లో పట్టి మూత లేకుండా ఉంచాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగితే బాక్టీరియాలు చస్తాయి. తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండాలి. పని అయ్యాక పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

కరెంటు పోతే గాలి పంపు ఆగుతుంది. అప్పుడు మగ్గుతో తొట్టి నీటినే తీసి కొంచెం ఎత్తునుండి మళ్లీ పోస్తుంటే ఆక్సిజన్ కలుస్తుంది. పిల్లలకు ఇది ఇష్టమైన పని.

చేప చనిపోతే పిల్లలు రాకముందే అలాంటిదే మరొకటి తెచ్చి వేసే ఉపాధ్యాయులున్నారు. అది సరికాదని నా అభిప్రాయం. పట్టిక తెరిచి, నీరు ఎప్పుడు మార్చారో, మేత ఎన్నిసార్లు పడిందో పిల్లలనే చూడనివ్వాలి.

రెండు మూడు రోజుల సెలవులకు పెద్ద చేపలు మేత లేకుండానే ఉండగలవు. గుప్పెడు మేత వేసి వెళ్లడమే ప్రమాదం. వేసవి సెలవులకు మాత్రం తొట్టిని ఎవరింటికి చేర్చాలో ముందుగానే నిర్ణయించుకోవాలి. గప్పీలు నేరుగా పిల్లలను కంటాయి, త్వరగా పెరిగిపోతాయి. ఎక్కువయ్యాయని ఊరి చెరువులో వదలకండి. అవి మన నీటి జీవులు కావు. అక్కడి చేపల తిండికి, గుడ్లకు పోటీగా తయారవుతాయి. మరో బడికి ఇవ్వండి, తొట్టిలోని పాత స్పాంజి ముక్కతో సహా. దానితో అక్కడి కొత్త తొట్టి త్వరగా కుదురుకుంటుంది.