చేతికి పని ఇస్తే వాడూ సంపాదిస్తాడు

కడియం: "మేమున్నన్నాళ్ళూ చూసుకుంటాం. మా తరువాత వీడికి దిక్కెవరు?" ఆటిజం ఉన్న బిడ్డను కన్న ప్రతి తల్లినీ, తండ్రినీ రాత్రిళ్ళు నిద్రపోనివ్వని ప్రశ్న ఇది.

చిన్నప్పుడు ఊరంతా ముద్దు చేస్తుంది. మీసాలు వచ్చాక అదే ఊరు 'పిచ్చోడు' అని పక్కకు తప్పుకుంటుంది. బడి వయసు దాటిపోతుంది, పనికి పిలిచేవారుండరు. అరుగు మీద కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతూ రోజులు వెళ్ళబుచ్చుతాడు. ఆడపిల్లయితే గడపే దాటదు.

ఆటిజం గాలి సోకడం కాదు. తల్లి పెంపకంలో లోపమూ కాదు. మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే తేడా. దీన్ని పోగొట్టే మందు లేదు. తాయెత్తులకు పోసిన డబ్బు దండగ. ఓపికగా నేర్పితే మాత్రం ఎన్నో నేర్చుకుంటారు.

వీరందరూ ఒక తీరు కాదు. కొందరు చదివి ఉద్యోగాలు చేస్తారు. కొందరికి మాటే రాదు, జీవితాంతం తోడు కావాలి. అయితే రోజూ ఒకే వేళకు, ఒకే చోట, ఒకే పని చేయడం చాలామందికి ఇష్టం. మనకు విసుగు పుట్టే పనే వారికి ఊరట.

అటువంటి పనులకు పల్లెల్లో కరువు లేదు. కడియం, కడియపులంక నర్సరీల్లో కవర్లకు మట్టి నింపి వరుసగా పేర్చే పని ఉంది. చింతపండు గింజ తీయడం, మిరపకాయల తొడిమలు తీయడం, విస్తళ్ళు కుట్టడం ఉన్నాయి.

నేర్పే పద్ధతే వేరు. "కవర్లు నింపు" అంటే అర్థం కాకపోవచ్చు. కవరు తెరవడం, మట్టి పోయడం, తట్టడం, వరుసలో పెట్టడం ఒక్కొక్కటిగా చేసి చూపాలి. బొమ్మలు గీసి గోడకు అంటిస్తే ఇంకా మేలు. మోటారు హోరు లేని మూల కేటాయించాలి. రేపు పని మారుతుందంటే ఈరోజే చెప్పాలి. ఎగతాళి చేసేవారిని మేస్త్రీ అదుపులో పెట్టాలి.

చేసిన పనికి అందరితోపాటు కూలి ఇవ్వాలి, అదీ అతని చేతికే. పండుగకు పంచె పెట్టి సరిపెట్టడం న్యాయం కాదు. ఆ డబ్బుతో కొట్టులో సబ్బు కొనుక్కుని, చిల్లర లెక్క చూసుకుని, ఏ రంగు చొక్కా కావాలో తానే చెప్పగలిగితే అదే స్వతంత్రం.

చట్టాలూ ఉన్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలలో ఆటిజాన్ని చేర్చింది. ప్రభుత్వ ఉద్యోగాలలో వికలాంగులకు కనీసం 4 శాతం కేటాయించింది. అందులో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక రుగ్మత వగైరాలు ఉన్నవారికి ఉమ్మడిగా దక్కుతుంది. ఇందుకు 40 శాతానికి తగ్గని వైకల్య ధ్రువపత్రం ఉండాలి. పద్దెనిమిదేళ్ళు దాటినవారికి అవసరమైతే సంరక్షకుని నియమించే స్థానిక కమిటీ 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద ఏర్పడింది. అందులో జిల్లా కలెక్టరు ఉంటారు. సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో వెలసిన జాతీయ సంస్థలో పరీక్షలు చేసి దారి చూపుతారు.

పని నేర్పడం పద్దెనిమిదో ఏట మొదలుపెడితే ఆలస్యమే. పదేళ్ళప్పుడే కంచం కడగడం, బట్టలు మడవడం, నీళ్ళు తేవడం అలవాటు చేయాలి. ఆపైన ఊళ్ళో ఒక్క నర్సరీ యజమాని ముందుకు వచ్చి పని చూపితే, ఆ తల్లి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్లే.