బడిపంతులు - బంతాట
(1950 డ్యూరండు కప్పు తుదిపోటీ)

ఆటలందు కప్పు పోటీల పద్ధతి కఠినమైనది. లీగు పోటీలలో ఒకనాడు ఓడిన జట్టు మరునాడు గెలిచి లోటు పూడ్చుకొనవచ్చును. కప్పు పోటీలో ఆ వెసులుబాటు లేదు. ఓడినవారు ఇంటిదారి పట్టవలసినదే. అట్లు ఒక్కొక్క జట్టే తప్పుకొనగా చివరకు మిగిలిన రెండును ఎదురుబొదురుగా నిలిచినప్పుడు, అవి ఏండ్ల తరబడి నేర్చినదంతయు ఆ కొద్ది సేపటిలో తేలిపోవును. ఏడాది చదువు మూడు గంటలలో తేలుట ఎరిగిన విద్యార్థులకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. అట్టి తుదిపోటీ యొకటి మన హైదరాబాదు పేరును దేశమంతట మారుమ్రోగించినది. దాని వెనుక నిలిచినవాడు ఒక బడిపంతులు. కావుననే ఉపాధ్యాయులును, విద్యార్థులును దానిని తలచుకొనుట ఉచితము.

డ్యూరండు కప్పు 1888లో సిమ్లాలో పుట్టినది. దానిని నెలకొల్పిన సర్ మార్టిమర్ డ్యూరండు ఆనాటి బ్రిటిషు ప్రభుత్వమున విదేశాంగ కార్యదర్శి. ఆఫ్ఘనిస్థానమునకు సరిహద్దు గీతగా 1893లో ఏర్పడిన డ్యూరండు రేఖయు ఆయన పేరుదే. ఆయన గీచిన గీత నేటికిని తగవులకు కారణమగుచుండగా, ఆయన పెట్టిన ఆట జనులను కూర్చుచునే యున్నది! మొదట ఇది తెల్లదొరల పటాలములు తమలో తాము ఆడుకొనిన పోటీ. అర్ధశతాబ్దికి పైగా భారతీయుల జట్టేదియు దానిని గెలువలేదు. 1940లో ఢిల్లీలో జరిగిన తుదిపోటీలో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగు జట్టు రాయల్ వార్విక్‌షైర్ పటాలమును 2-1 గోల్సుతో ఓడించి, ఆ గెలుపు సాధించిన మొదటి భారతీయ జట్టయినది. పిమ్మట యుద్ధము వచ్చినది, దేశవిభజన వచ్చినది. పోటీ నిలిచిపోయినది.

స్వతంత్ర భారతమున ఆ పోటీ తిరిగి మొదలయినది 1950లో. ఆ యేడు తుదిపోటీకి చేరిన జట్లు రెండు: కలకత్తా మోహన్ బగాన్, హైదరాబాదు సిటీ పోలీసు. డ్యూరండు తుదిపోటీలో రెండు వైపులను భారతీయులే నిలుచుట అదియే మొదటిసారి. మోహన్ బగాన్ సామాన్యమైన జట్టు కాదు. 1889లో పుట్టి, 1911లో ఐ.ఎఫ్.ఏ. షీల్డు తుదిపోటీలో ఈస్టు యార్కుషైరు పటాలమును 2-1తో ఓడించిన జట్టది. ఆనాడు దాని ఆటగాండ్లలో ఒక్కరు తక్క అందరును వట్టి కాళ్లతోనే ఆడిరి. బంగాళమున బంతాటకు గల ఆదరమంతయు దానికి అండ. ఇక హైదరాబాదు జట్టువారో, ఉద్యోగము చేసికొనుచు ఆడిన పోలీసువారు.

మొదటినాటి ఆట 2-2తో సమముగా ముగిసినది. మరల ఆడవలసివచ్చినది. రెండవ ఆటలో హైదరాబాదు ఒక గోలు చేసెను, మోహన్ బగాన్ ఏమియు చేయలేకపోయెను. కప్పు దక్షిణాపథమునకు తరలినది. ఇది గాలివాటు గెలుపని ఎవరైన అనుకొనియుందురేమో! ఆ యేడే బొంబాయిలో రోవర్సు కప్పును కూడ ఈ జట్టే గెలిచెను. అంతటితో ఆగక 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పును చేజిక్కించుకొనెను. ఐదేండ్ల పాటు వీచు గాలివాటు ఎక్కడను ఉండదు.

ఈ గెలుపులకు మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1950లో ఆయన ఈ జట్టుకు శిక్షకుడయ్యెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు మున్నగు చోట్ల పాఠములు చెప్పిన ఉపాధ్యాయుడాయన. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి. పంతులు గనుకనే ఆటను పాఠమువలె విభజించి చెప్ప నేర్చెను.

ఆయన పెట్టిన పోటీలలో కొన్ని చిత్రమైనవి. ఒక పోటీలో బంతిని కాలితో నడుపుకొనుచు పోరాదు. అందినవెంటనే తోడివానికి అందింపవలెను. మరియొక పోటీలో వాటము లేని కాలితోనే బంతిని తన్నవలెను. పైకి ఇవి వినోదములుగ తోచును, లోన పాఠమున్నది. బంతిని తనయొద్దనే ఉంచుకొనరాదనిన, పిల్లవాడు తలయెత్తి తోడివాడెక్కడ ఉన్నాడో చూచి తీరవలెను. చూడవలెనని వేయిసార్లు చెప్పినను రాని అలవాటు, చూడక తప్పని ఏర్పాటు చేసినచో తనంత తాను వచ్చును. ఎడమకాలు చేతకానిదని అనుకొనువాడు, కుడికాలు నిషేధింపబడిన నాడు దానికే పని చెప్పును. బలము ఉన్నచోటనే బలపరచుట వస్తాదు పని. బలహీనత ఉన్నచోట బలమును పుట్టించుట గురువు పని.

ఈ గురుత్వము ఒక్క పోలీసు జట్టుతో ఆగలేదు. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలందు రహీం శిక్షణలోని భారత జట్టు ఇరానును 1-0తో గెలిచి స్వర్ణపతకము పొందినది. మరుసటి యేడు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడినది. మనవారిలో పెక్కుమంది వట్టి కాళ్లతో ఆడుట అందుకొక కారణము. ఆ ఓటమి నేర్పిన గుణపాఠముతో మన దేశమున బూట్లు తప్పనిసరియైనవి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. ఆ జట్టులో హైదరాబాదు, సికిందరాబాదు మైదానములలో పెరిగిన నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, తులసీదాస్ బలరాం ఉండిరి. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి తెచ్చిన స్వర్ణము రహీం చివరి కానుక. అప్పటికే ఆయనను క్యాన్సరు వ్యాధి పీడించుచుండెను. 1963లో ఆయన కన్నుమూసెను.

ఆ యేడే డ్యూరండు తుదిపోటీలో పాత ప్రత్యర్థులే మరల తలపడిరి. హైదరాబాదు జట్టు పేరు అప్పటికి ఆంధ్రప్రదేశ్ పోలీసు. ఈసారి గెలుపు మోహన్ బగాన్‌ది. ఒక మనిషి పోయినంతనే ఒక జట్టు ఓడినదనుట న్యాయము కాదు. 1961లో అదే మోహన్ బగాన్‌ను ఓడించి పోలీసువారు డ్యూరండు కప్పు తెచ్చియే యుండిరి. కాని అటుపిమ్మట హైదరాబాదు వెలుగు క్రమముగా తగ్గినమాట నిజము. రోవర్సు కప్పు పోటీయే ఈ శతాబ్ది మొదటనే ఆగిపోయినది. 2019లో హైదరాబాదు పేరుతో వెలసిన వృత్తిక్రీడల జట్టు 2022లో ఇండియన్ సూపర్ లీగు తుదిపోటీలో కేరళ జట్టును గెలిచి మురిపించినది. 2025లో ఢిల్లీకి తరలిపోయినది. డబ్బు పెట్టువారు జట్టును తేగలరు, తరలింపగలరు. బడి మైదానమున మొలచిన ఆటను మాత్రమెవరును మూటగట్టుకొని పోలేరు.

మనకు పోయినది కప్పు కాదు, ఆ మైదానము. ఎన్నో పాఠశాలలలో ఆటస్థలమే కరవు. ఉన్నచోట ఆటల గంటను లెక్కల గంట మ్రింగివేయుచున్నది. 2024లో రహీం జీవితము హిందీ చలనచిత్రముగ వచ్చినప్పుడు ఆయన పేరు మొదటిసారి విన్న తెలుగు పిల్లలెందరో! ఆయనను గౌరవించుటకు విగ్రహములు అక్కరలేదు. ఒక బంతి, కొంత ఖాళీ స్థలము, అరగంట సమయము చాలును. వచ్చు శనివారము సాయంకాలము ఏ పంతులుగారైనను పిల్లలను రెండు జట్లుగ నిలిపి, “ఈనాడు వాటము లేని కాలితోనే ఆడవలెను” అని చెప్పి చూడుడు. మొదట అందరును తడబడుదురు, నవ్వుకొందురు. కొన్ని వారములకు ఆ నవ్వు తగ్గి, నేర్పు కనబడును.