ఆ సిగ్గు ఆమెది కాదు

1963 నవంబరు. ఫ్రాన్స్‌లోని రువాన్ పట్నంలో సాహిత్యం చదువుకుంటున్న 23 ఏళ్ళ అమ్మాయికి డాక్టరు పంపిన కాగితం ఒకటి చేరింది. గర్భవతి అని ధ్రువపత్రం. పేరు ఆనీ దుషేన్, పెళ్ళి కాలేదు. కాన్పు తేదీ 1964 జులై 8. చదివి చింపేసింది.

మహిళా దినోత్సవ సంచికకు 1970ల నాటి స్త్రీ విముక్తి ఉద్యమం మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్ గారు. ఊరేగింపులు, నినాదాలు, నాయకురాళ్ళ ఫొటోలు బోలెడు పోగయ్యాయి. గడువు ముంచుకొస్తున్నా నా మనసు మాత్రం ఆ చింపేసిన కాగితాన్ని వదల్లేదు. ఆ అమ్మాయే తర్వాత ఆనీ ఎర్నోగా 2022లో సాహిత్య నోబెల్ అందుకుంది. ఆమె పుస్తకాలంటే నాకు వల్లమాలిన ఇష్టం, దాచుకోను. ఉద్యమం దించిన బరువు ఎంతటిదో తెలియాలంటే, దాన్ని మోసిన ఒక్క మనిషినైనా దగ్గర్నుంచి చూడాలి.

ఇవ్‌తో అనే చిన్న ఊళ్ళో అమ్మానాన్నలది కిరాణా కొట్టు, దాన్ని ఆనుకునే కెఫే. ఆ ఇంట్లోంచి యూనివర్సిటీ మెట్టెక్కిన మొదటి మనిషి ఆనీ. అలాంటి పిల్ల నెల తప్పితే చదువుతోపాటు ఇంటి పరువూ పోతుంది. నెలసరి కోసం ఎదురుచూసిన రోజుల్లో ప్రతి రాత్రీ డైరీలో ఏమీ లేదని పెద్దక్షరాల్లో రాసి కింద గీత గీసేది. తల్లికి చెప్పలేదు. అప్పట్లో గర్భస్రావం నేరం, డాక్టర్లకు చట్టమంటే భయం. అల్లిక సూదితో తనే ప్రయత్నించింది, కాలేదు. చివరికి, అదే దారిన పోయి చావు అంచుదాకా వెళ్ళొచ్చిన ఒక పరిచయస్థురాలు చిరునామా చెప్పి, 400 ఫ్రాంకులు అప్పిచ్చింది. పారిస్‌లో పాసాజ్ కార్దినే అనే సందులో, ఒక క్లినిక్‌లో పనిచేసే ఆయా ఇల్లు. 1964 జనవరిలో అక్కడ పని జరిగింది. కొన్ని రోజులకు రువాన్ హాస్టల్లో గర్భం పోయింది. రక్తం ఆగలేదు. ఆసుపత్రికి మోసుకెళ్ళారు.

అక్కడ జరిగింది చదివిన ప్రతిసారీ నా ఒళ్ళు మండుతుంది. బల్ల మీద పడుకోబెట్టినప్పుడు, తననేం చేయబోతున్నారని అడిగింది. పైపులు బాగుచేసేవాణ్ణి కానని గద్దించాడు కుర్ర డాక్టరు. ఆమె యూనివర్సిటీ విద్యార్థిని అని తర్వాత తెలిసింది. అప్పుడు నొచ్చుకున్నాడు. మీరూ ఆయనలాంటి చదువుకున్నవారేనని ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని నర్సు అడిగింది. అంటే ఏ మిల్లులోనో కొట్లోనో పనిచేసే పిల్లైతే ఆ తిట్టు సబబే! అతను సిగ్గుపడింది తిట్టినందుకు కాదు, తన తరగతి మనిషిని తిట్టినందుకు. పేదింటి ఆడపిల్ల రక్తం ఓడుతూ వస్తే గద్దించడానికి అతనికి హక్కు ఎవరిచ్చారు? చట్టమే ఇచ్చింది. ఉద్యమం గురించి నేను చదివిన ఏ ఉపన్యాసమూ ఇంత స్పష్టంగా చెప్పలేదు.

ఇక చరిత్ర. 1920 చట్టం గర్భస్రావం గురించిన ప్రచారాన్ని సైతం నేరం చేసింది. 1943లో మరీ లూయీజ్ జిరో అనే స్త్రీకి గర్భస్రావాలు చేసినందుకు గిలటిన్ మీద తల తీశారు. 1971 ఏప్రిల్ 5న 343 మంది స్త్రీలు తామూ గర్భస్రావం చేయించుకున్నామని ‘నువెల్ అబ్సర్వాతర్’ పత్రికలో పేర్లతో ప్రకటించారు. ప్రకటన రాసింది సిమోన్ ద బోవా. 1972లో బోబిన్యీ కోర్టు, అత్యాచారానికి గురై గర్భం తీయించుకున్న పదహారేళ్ళ పిల్లను విడిచిపెట్టింది. లాయరు జిజెల్ హలీమీ. 1975 జనవరి 17న గర్భస్రావాన్ని అనుమతిస్తూ సిమోన్ వేయ్ చట్టం వచ్చింది.

అంత ఉద్యమం నడుస్తున్న రోజుల్లో ఆనీ ఏం చేస్తోంది? బడిలో పాఠాలు చెబుతూ, పిల్లల్ని పెంచుతూ, థీసిస్ రాస్తున్నానని భర్తకు చెప్పి గుట్టుగా నవల రాస్తోంది. గర్భస్రావంతో మొదలయ్యే ఆ నవల 1974లో అచ్చయింది. ఇంగ్లిష్‌లో ‘క్లీన్డ్ ఔట్’. అందులోనూ కథ వేరే పేరుగల అమ్మాయిదే. ‘నేను’ అని, తేదీలతో సహా చెప్పడానికి 2000 దాకా పట్టింది. ఇంగ్లిష్‌లో ‘హ్యాపెనింగ్’గా దొరికే చిన్న పుస్తకమది. చట్టం మారాక పాత గోడు ఎందుకని అనేవాళ్ళకు ఆమె జవాబు సూటిగా ఉంటుంది: నిషేధం పోయింది కాబట్టే అప్పటి సంగతి ఉన్నదున్నట్టు చెప్పే వీలు దొరికింది. ఈ పుస్తకం ఆధారంగా ఆడ్రీ దివాన్ తీసిన సినిమాకు 2021లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ వచ్చింది. సినిమా బావుంది. పుస్తకం ముందు చదవండి.

మన దగ్గర

ఫ్రాన్స్ కంటే ముందే, 1971లోనే మన పార్లమెంటు గర్భస్రావ చట్టం చేసింది. 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇక్కడ దానికి ముందు నడిచింది ఉద్యమం కన్నా శాంతిలాల్ షా కమిటీ. నాటు పద్ధతుల్లో పోతున్న ప్రాణాలను చూసి ఆ కమిటీ సిఫారసు చేసింది. 24 వారాల దాకా గర్భం తీయించుకునే వెసులుబాటు పెళ్ళికాని ఆడవాళ్ళకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది మాత్రం 2022 సెప్టెంబరులో. తెలుగులో ఈ అనుభవాన్ని దాపరికం లేకుండా కవిత్వంలోకి తెచ్చినవారిలో పాటిబండ్ల రజని ఉన్నారు. ఆమె కవిత పేరే ‘అబార్షన్ స్టేట్‌మెంట్’. ఎర్నో పుస్తకం పక్కన పెట్టుకుని చదవదగ్గది.