చిత్రానికి శ్రుతి కలిపేదెవరు?

1952 అక్టోబరు మాసం. కలకత్తా నగరానికి దూరంగా, రెల్లుపూలు తెల్లగా విరగబూసిన ఒక బయలులో కొద్దిమంది యువకులు కెమెరా బిగించారు. ఛాయాగ్రాహకుడు సుబ్రతో మిత్రాకు అంతకుముందు చలనచిత్ర కెమెరా నడిపిన అనుభవం లేదు. దర్శకుడు ఒక వాణిజ్య ప్రకటనల సంస్థలో చిత్రకారుడు. అక్కాతమ్ముళ్ళిద్దరు ఆ పూలమధ్య నడచిపోయి రైలుబండిని చూసే సన్నివేశంలో కొంతభాగం ఆనాడు తీశారు. కొద్ది రోజులకు మిగిలిన భాగం తీయబోతే అక్కడ పూలు లేవు. పశువులు మేసిపోయాయి.

ఆ దర్శకుడు సత్యజిత్ రాయ్. ఆ చిత్రం 'పథేర్ పాంచాలి'. పూలు లేకపోయినా కథకు లోటు లేదు. సన్నివేశాన్ని మరొక చోటికి మార్చి పని కానిచ్చుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. మళ్ళీ రెల్లు పూచేవరకు వేచి ఉన్నారు. ఆ చిత్రం కోసం తన జీవితబీమా పాలసీని, భార్య నగలను సైతం పణంగా పెట్టిన మనిషి తీసుకున్న నిర్ణయమిది. చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకోగా 1955లో చిత్రం విడుదలైంది. మరుసటి ఏడు కాన్ చిత్రోత్సవంలో ప్రత్యేక బహుమతి అందుకున్నది.

సంగీత సభలో తంబుర నాదాన్ని శ్రోత ప్రత్యేకంగా గమనించడు. అది అపశ్రుతి పలికిన క్షణాన మాత్రం ఎంతటి విద్వాంసుని గానమైనా రుచించదు. చలనచిత్రానికీ అటువంటి శ్రుతి ఒకటి ఉన్నది. కథ, నటన, సంగీతం, మాటలు, ఛాయాగ్రహణం అన్నీ దానిలో ఇమడవలసిందే. దానిని మొదట మనసులో విని, చివరి దృశ్యం వరకు కాపాడవలసినవాడు దర్శకుడు.

పాత్రకు తగిన మనిషి

ఈ కాపుదల నటీనటుల ఎంపికతోనే ప్రారంభమవుతుంది. 'పథేర్ పాంచాలి'లో పండుముదుసలి ఇందిర్ పాత్రకు వయసులో ఉన్న నటికి ముడతలు దిద్ది సరిపెట్టవచ్చు. రాయ్ ఎనభై ఏళ్ళ ప్రాయంలో ఉన్న పూర్వపు రంగస్థల నటి చునీబాలా దేవిని వెదకి తెచ్చారు. బాలుడు అపు పాత్రధారి ఆయన ఇంటి పొరుగున ఆడుకుంటూ రాయ్ సతీమణి కంటబడినవాడు. ఆ పిల్లవానికి నటన తెలియదు. పూలమధ్య నడవమంటే బిగుసుకుపోయి నడిచాడు. అప్పుడు రాయ్ దారిలో చిన్న చిన్న పుల్లలు వేయించి, సహాయకులను పూల చాటున నిలిపి, పేరుపెట్టి పిలిపించారు. పుల్లలు దాటుతూ, పిలుపు వినవచ్చిన వైపు తిరుగుతూ బాలుడు సహజంగా నడిచాడు. దర్శకత్వమంటే అరచి ఆజ్ఞాపించడం కాదని ఈ ఒక్క సంఘటన చాటుతుంది.

తెలుగునాట 1980లో ఇటువంటి సాహసమే జరిగింది. 'శంకరాభరణం'లో సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి పాత్రకు దర్శకుడు కె. విశ్వనాథ్ పేరుమోసిన తారను తీసుకోలేదు. రెవిన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరుగా ఉంటూ 'కన్యాశుల్కం' నాటక ప్రదర్శనలతో పేరు పొందిన జె.వి. సోమయాజులును ఎన్నుకున్నారు. ప్రేక్షకునికి ఆ ముఖంలో వెనుకటి పాత్రల జ్ఞాపకాలు అడ్డురాలేదు. నేరుగా శాస్త్రిగారే కనిపించారు. గొంతు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానిదని అందరికీ తెలుసు. అయినా పాడేది శాస్త్రిగారే అనిపించింది. అల్లు రామలింగయ్య ప్లీడరు మాధవయ్యగా నవ్వించినా ఆ నవ్వు స్నేహంలో నుంచి పుట్టినది గనుక చిత్ర గాంభీర్యానికి భంగం కలుగలేదు.

శ్రుతి నిలిచిన చోట, చెదరిన చోట

1957లో వచ్చిన 'మాయాబజార్'ను చూడండి. కథ భారతానికి సంబంధించినది. అయినా పాండవులు తెరపై ఒక్కసారీ కనిపించరు. వారు ప్రవేశించి ఉంటే జూదం, అవమానం, వనవాసం మోసుకువచ్చే బరువు పెళ్ళింటి సందడిని అణగదొక్కి ఉండేది. కె.వి. రెడ్డి అభ్యాస సమయంలోనే స్టాప్‌వాచీతో ప్రతి సన్నివేశపు నిడివిని లెక్కగట్టేవారు. శశిరేఖ రూపంలోని ఘటోత్కచుణ్ణి సావిత్రి అభినయించిన తీరులో హాస్యం పరవళ్ళు తొక్కుతుంది గాని ఎక్కడా వెకిలితనం కాదు. మూడు గంటల చిత్రం మూడు గంటలనిపించదు.

1970లో విడుదలైన రాజ్ కపూర్ 'మేరా నామ్ జోకర్' అనుభవం వేరు. ఆరేళ్ళ శ్రమ, గొప్ప తారాగణం, శంకర్ జైకిషన్ సంగీతం, రెండు విరామాలతో నాలుగు గంటల ప్రదర్శన. ఆనాడు ప్రేక్షకులు ఆదరించలేదు. నిడివి ఒక కారణమే. కాని అంతకన్న పెద్ద చిక్కు మరొకటి కనిపిస్తుంది. కౌమారపు మౌనవేదనను సుకుమారంగా చిత్రించిన మొదటి భాగాన్ని విమర్శకులు ఇప్పటికీ మెచ్చుకుంటారు. తరువాత కథ సర్కస్ కోలాహలంలోకి, అటుపైన మరొక ప్రణయ గాథలోకి మళ్ళుతుంది. మూడు భాగాలకు మూడు శ్రుతులు. కాలక్రమాన ఆ చిత్రానికి అభిమానులు పెరిగిన మాట నిజమే. నిర్మాతను ఆనాటి నష్టం కుంగదీసిందన్నదీ నిజమే.

అదే రాజ్ కపూర్ 1973లో కొత్త జంటతో, ఒకే ప్రేమకథతో, మొదటినుంచి చివరిదాకా ఒకే యౌవనోత్సాహంతో 'బాబీ' తీశారు. దేశమంతా విరగబడి చూసింది. మనిషి మారలేదు, ప్రతిభ మారలేదు. శ్రుతి కుదిరింది.

ధనంతో తారలను, యంత్రాలను, అట్టహాసాన్ని సమకూర్చుకోవచ్చు. ఏది తన చిత్రానికి తగదో గుర్తించి వదలుకునే వివేకం మాత్రం అంగడిలో దొరకదు. ఈసారి మంచి చిత్రం చూసి ఇంటికి వస్తున్నప్పుడు, తెరపై కనిపించినవారితోపాటు కనిపించని మరొకరినీ తలచుకోండి. రెల్లుపూల కోసం ఏడాదిపాటు వేచి ఉండగల ఓర్పు ఆయనదే.