మీడియం మారింది, ఇంగ్లీషు వచ్చిందా?

2025 మార్చిలో మన ఆంధ్రప్రదేశ్‌లో 5.64 లక్షల మంది పదో తరగతి పరీక్షలకు ఇంగ్లీషు మీడియంలో కూర్చున్నారు. తెలుగు మీడియం వాళ్లు 51 వేలే. ఉదయగిరి, ఆత్మకూరు వైపు పల్లెల్లో ఒకప్పుడు ఆరో తరగతికి వచ్చాకే ఏబీసీడీలు దిద్దినవాళ్ల మనవళ్లు ఇవాళ సైన్సు, సోషలు కూడా ఇంగ్లీషులోనే రాస్తున్నారు. మరి భాష ఎంత వచ్చింది?

పల్లె పిల్లల చదువును బడిలో కాకుండా ఇంటికే వెళ్లి చూసే సర్వే ఒకటుంది. ప్రథమ్ సంస్థ మొదలుపెట్టిన అసర్. జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు. పిల్లవాడి చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, కొన్ని తేలిక మాటలు, చివర టైమెంతయింది అని అడిగేపాటి చిన్న వాక్యాలు. ఎనిమిదో తరగతిలో ఆ వాక్యాలు చదవగలిగినవాళ్లు దేశం మొత్తమ్మీద 2009లో 60.2 శాతం, 2014లో 46.8, 2016లో 45.3, 2022లో 46.7. ఐదో తరగతిలో అయితే 2016లో 24.7, 2022లో 24.5. ఆరేళ్లలో కదలికే లేదు.

2009 తర్వాత పడిపోయిన ఆ 13 పాయింట్లకు అయ్యవార్లనే తప్పుపట్టడం నాకు సబబనిపించదు. 2010 ఏప్రిల్‌లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చాక ఎనిమిది దాకా ఎవరినీ ఫెయిల్ చేయకూడదన్నారు. మధ్యలో బడి మానేసి ఉండాల్సిన పిల్లలు కూడా ఎనిమిదో తరగతి బెంచీల దాకా వచ్చారు. అది మంచిదే. సగటు మాత్రం దిగింది.

అసలు చూడాల్సిన అంకె వేరే ఉంది. 2014లో వాక్యం చదవగలిగిన ఐదో తరగతి పిల్లల్లో దాని అర్థం కూడా చెప్పగలిగినవాళ్లు 62.2 శాతమే. ఇది మన వీధిబడుల్లో రోజూ కనబడేదే. పిల్ల గడగడా చదువుతుంది, ఉచ్చారణ కూడా బాగానే ఉంటుంది. ‘ఏముందమ్మా అందులో?’ అంటే మళ్లీ అదే వాక్యం ఇంకాస్త గట్టిగా చదివి వినిపిస్తుంది. 2023లో 14–18 ఏళ్లవాళ్లను అడిగితే 57.3 శాతం వాక్యాలు చదివారు. వాళ్లలో 73.5 శాతం అర్థం చెప్పారు. అంటే నూటికి 42 మంది. వీళ్లు పెద్దపిల్లలు కాబట్టి పాత అంకెల పక్కన పెట్టి పోల్చకూడదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది తెలుగు అంకె. రెండో తరగతి తెలుగు పాఠం చదవగలిగిన ఐదో తరగతి పిల్లలు ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 2018లో 59.7 శాతం ఉంటే, 2022కి 36.3కి జారారు. నడుమ కరోనా వచ్చింది, బళ్లు మూతపడ్డాయి. అయినా కూడబలుక్కుని చదవడమే రాని పిల్లకు ఇంగ్లీషు పాఠం ఏ ఆసరాతో ఎక్కుతుంది? ఒక పక్క ఇంగ్లీషు, ఎదురుగా తెలుగు అచ్చేసిన జంట పాఠ్యపుస్తకాలు తెచ్చింది ఈ ఆసరా కోసమే. ఆ తెలుగు పేజీ కూడా చదవలేకపోతే అది బరువే.

ఉదయగిరిలో ఇంకో మెలిక ఉంది. చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే ముస్లిం కుటుంబాల్లో ఇంటి భాష ఉర్దూ. వీధిలో తెలుగు, ఆరో తరగతి నుంచి హిందీ, వీటన్నిటి మీద ఇంగ్లీషు. నాలుగు భాషల పిల్లను ఒక్క ఇంగ్లీషు మార్కుతో తూచడం అన్యాయం.

కాలంతోపాటు వచ్చిన మార్పు తెలియాలంటే కొలబద్ద ఒకటే ఉండాలి. 2023 జూన్‌లో ప్రభుత్వం టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష నిర్వహించే ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని, మూడో తరగతి నుంచే సర్కారు బడి పిల్లలకు ఆ పరీక్షలు తలపెట్టింది. 2024లో ప్రభుత్వం మారాక అది ఆగింది. మూడో తరగతి వాడికి టోఫెల్ ఎందుకన్నవాళ్ల మాటా కొట్టేయలేం. కానీ ఒకే పరీక్ష నాలుగేళ్లు సాగి ఉంటే, ఆత్మకూరు బడిలో ఇంగ్లీషు పెరిగిందో తరిగిందో చెప్పడానికి చేతిలో ఒక వరస ఉండేది.

అసర్ కాగితం వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. ఇంట్లో పది నిమిషాల పని. చదివించి ఊరుకోకుండా, అర్థం తెలుగులోనో ఉర్దూలోనో చెప్పించండి.